గాలి కొట్టే చోటు

“నువ్వు ఊరికే గాలి కొడితే చాలు. మిగతాదంతా నేను చూసుకుంటాను.”

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆదివారం మా ఆయన నాతో అన్న మాట ఇది. వినడానికి ఎంత హాయిగా ఉందో. అప్పుడు నాకూ అలాగే అనిపించింది. చర్చిలో ఆర్గన్ వెనక వేలాడే ఆకుపచ్చ తెర జరిపి చూస్తే, లోపల ఒక మనిషి నిలబడేంత చోటు, ఆర్గన్ వీపులోంచి పొడుచుకొచ్చిన చెక్క పిడి, ఆ పిడి పట్టుకుని మా అత్తయ్య. చెమటకి బట్టలు వీపుకి అతుక్కుపోయి ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది. “రామ్మా. భుజంతో కొట్టకు, నడుముతో కొట్టు. భుజంతో కొడితే ముసలితనం దాకా రాదు చెయ్యి” అంది. కొత్త కోడలికి ఏ అత్తగారైనా ముందు వంటింట్లో డబ్బాలు ఎక్కడున్నాయో చూపిస్తుంది. మా అత్తయ్య నాకు చెయ్యి ఎలా దాచుకోవాలో చెప్పింది.

ఆర్గన్ అంటే మీరేమనుకుంటారో గానీ, మాది పాతకాలపు గొట్టాల ఆర్గన్. ముందు వైపు వేళ్ళతో నొక్కే మెట్లు, వాటి ముందు బల్ల, బల్ల మీద వాయించే మనిషి, పైన నిలువెత్తు గొట్టాలు, పక్కన ఇత్తడి పలక మీద ఇప్పటిదాకా వాయించిన వాళ్ళ పేర్లు. ఇదంతా జనానికి కనిపించేది. వెనక, అడుగున, పెద్ద తోలు తిత్తి ఉంటుంది, కమ్మరి కొలిమి దగ్గర ఉండేలాంటిది. పిడి పైకీ కిందికీ ఆడిస్తే తిత్తి నిండుతుంది, ఆ గాలే గొట్టాల్లోకి పోయి పాటవుతుంది. గాలి లేకపోతే ఎంత విద్వాంసుడు వాయించినా చెక్క మీద వేళ్ళ చప్పుడే తప్ప ఏమీ వినపడదు. గాలి ఎంతుందో తెలియడానికి పిడి పక్కన దారానికి ఒక సీసపు గుండు వేలాడుతుంటుంది. తిత్తి నిండితే గుండు కిందికి దిగుతుంది, ఖాళీ అవుతుంటే పైకెక్కుతుంది. గోడ మీది గీత దాటి పైకెక్కిందా, పాట ఏడుస్తుంది. పాట ఏడిస్తే ఆ పూట ఇంట్లో మేం ఏడవాల్సిందే.

పాట మొదలుపెట్టే ముందు మా ఆయన బూటు మడమతో కింద చెక్క మీద కొడతాడు. టక్ టక్. గాలి కొట్టమని. పేరు పెట్టి పిలవక్కర్లేదు, వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. మా మావయ్యగారు కూడా, వాయించే రోజుల్లో, అలాగే కొట్టేవారట. తండ్రి నుంచి కొడుక్కి ఇల్లూ పొలమూ వస్తాయంటారు, మా ఇంట్లో ఆ మడమ చప్పుడు వచ్చింది.

అసలు నన్ను చేసుకుందే నా గొంతు విని. వేరే చర్చి గాయక బృందంలో పాడుతుంటే చూశాడు. “ఆ గొంతుకే పడిపోయాను” అని ఇప్పటికీ పదిమందిలో చెబుతాడు, నేను పక్కనే కాఫీ కప్పులు అందిస్తుంటే. పిడి కొడుతూ పాడలేం. ప్రయత్నించి చూశాను. మనిషికి ఊపిరి ఒక్కటే కదా, అది తిత్తికిచ్చాక గొంతుకి మిగలదు. మొదట్లో ఒకసారి అడిగాను, “ఒక ఆదివారం అత్తయ్య కొడతారు, నేను ముందుకొచ్చి పాడతానండీ” అని. “పాడేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. పాట తెలిసి గాలి కొట్టేవాళ్ళు దొరకరు” అన్నాడు. మెచ్చుకోలేమో అనుకుని నేను మురిసిపోయాను కూడా. నా తెలివి అలా ఉండేది.

మోటారు పెట్టిద్దామని అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, చాలాసార్లు అన్నారు. పెద్ద చర్చిలన్నింట్లో మోటారే గాలి కొడుతోందట. మా ఆయన ఒప్పుకోలేదు. “మోటారు గురగుర పాటని చెడగొడుతుందండీ. అయినా మా ఇంట్లో ఆడవాళ్ళున్నారు కదా” అన్నాడు. అందరూ తలూపారు. మేం గురగురలాడం కాబట్టి మోటారు కన్నా మేలే.

ఆ చర్చి ఉన్నది వృద్ధుల హోం ఆవరణలో. హోం వెనకే మా క్వార్టర్సు. నేను హోంలో ఆడవాళ్ళ వార్డు చూసుకుంటాను. దుప్పట్లు మార్చడం, స్నానాలు చేయించడం, తినలేని వాళ్ళకి తినిపించడం, కోపాలు పడటం. అత్తయ్యకి మతిమరుపు ముదిరి, స్టవ్వు వెలిగించి వదిలేయడం మొదలయ్యాక మా ఆయన ఆవిణ్ణి కూడా అదే వార్డులో చేర్చాడు. “ఇంట్లో అయితే నీకు కష్టం. అక్కడైతే నువ్వెలాగూ డ్యూటీలో ఉంటావు కదా” అన్నాడు. నా మీద జాలితో అమ్మని తీసుకెళ్ళి నా చేతికే అప్పగించిన మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు. ఊళ్ళో అందరూ మాత్రం, “మాస్టారు తల్లిని ఎంత దగ్గరగా పెట్టుకుని చూసుకుంటున్నారో” అన్నారు. ఆర్గన్ వాయిస్తాడు కాబట్టి మా ఆయన అందరికీ మాస్టారు.

హోం మొదలై నూరేళ్ళవుతోందని వేడుక తలపెట్టారు. హోం చరిత్ర, ఆర్గన్ చరిత్ర రాయించి ఆ రోజు చదవాలన్నారు. అయ్యగారు మా ఇంటికొచ్చి, “మీ దస్తూరి ముత్యాల్లా ఉంటుందమ్మా, మీరే రాయాలి” అన్నారు. నేను నోరు విప్పేలోగా మా ఆయన, “రాస్తుందండీ, రాయించే పూచీ నాది” అన్నాడు. సరే, రాయడానికి ముందు తెలుసుకోవాలి కదా. హోంలో అన్నీ తెలిసిన మనిషి నర్సమ్మ. ఒకప్పుడు అక్కడే నర్సుగా పనిచేసి, ఒంటరిది కావడంతో ఇప్పుడు అదే వార్డులో మంచం వేసుకుని ఉంటోంది. నోరు పెద్దది. చెవులు అంతకన్నా పెద్దవి.

“రాసుకోవే పిల్లా” అని మొదలుపెట్టింది. “ఈ ఇల్లు ఇద్దరు అక్కచెల్లెళ్ళది. పెళ్ళిళ్ళు చేసుకోలేదు. తల్లిని చూసుకున్నారు, తల్లి పోయాక పక్కింటి ముసలమ్మని తెచ్చుకున్నారు, తర్వాత ఇంకొకామెని. అలా అయింది హోం. ఎక్కడో పెద్ద చర్చి వాళ్ళు కొత్త ఆర్గన్ కొనుక్కుని పాతది పారేస్తామంటే, వీళ్ళు గడ్డిలో చుట్టించి పెట్టెల్లో తెప్పించుకున్నారు. కూర్చడం రాక ఏడాదంతా అది పిల్లి కూతలు కూసిందట.”

“వాయించిందెవరు?”

“ఇద్దరూనే. ఒక ఆదివారం అక్క వాయిస్తే చెల్లెలు గాలి కొట్టేది. తర్వాతి ఆదివారం చెల్లెలు వాయిస్తే అక్క కొట్టేది. వంతులు.”

“మరి పలక మీద వాళ్ళ పేర్లు లేవేం?”

“పలక చేయించింది మీ మావయ్యకి ముందు వచ్చిన ఆర్గనిస్టు. ఆయనతోనే వంతులు పోయాయి. ఆయనకో పెళ్ళాం ఉండేదిగా.”

నేను రాసుకున్నాను. “మొదట్లో వంతులుండేవి” అని. ఆ వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మావయ్యగారు పోయిన రోజు గుర్తొచ్చింది. అప్పటికి నా పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. చర్చి నిండా జనం. మా ఆయన తండ్రి కోసం వాయించడానికి కూర్చుని మడమ కొట్టాడు. మావయ్యగారి శవపెట్టె పక్కనుంచి అత్తయ్య లేచింది. “మీరుండండి, నేను కొడతాను” అన్నాను. “ఆ పాట పెద్దదమ్మా, నీకింకా అందదు” అని తెర వెనక్కి వెళ్ళింది. తెర వెనక నించి చర్చి కనపడదు. గుండూ గీతా కనపడతాయి, అంతే. పాట చివరి చరణంలో పెట్టెని బయటికి తీసుకెళ్ళారు. అత్తయ్య తిత్తి ఖాళీ చేసి బయటికొచ్చేసరికి బెంచీలు ఖాళీగా ఉన్నాయి. మొగుణ్ణి సాగనంపేటప్పుడు కూడా పక్కన లేదు, కంట తడి కూడా పెట్టలేదని బంధువులు చాలా కాలం చెప్పుకున్నారు. ఇది చరిత్రలో ఎక్కడ రాయాలో నాకు తోచలేదు.

అత్తయ్యకి ఒక అలవాటుండేది. టీ తాగాక హాల్లో బల్ల ముందు కూర్చోబెడితే బల్ల అంచు మీద వేళ్ళు ఆడిస్తూ ఉండేది, ఆగకుండా. చేతులు ఊరికే ఉండలేక అలా చేస్తోందనుకుని నేను మడతపెట్టమని తువ్వాళ్ళు అందించేదాన్ని. బుద్ధిగా మడతపెట్టేది. జీవితమంతా అంతే, ఏది చేతికిస్తే అది చేసింది. ఒక సాయంత్రం అలాగే తువ్వాలు పెడుతుంటే నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“తీసెయ్యవే దాన్ని. మధ్యలో ఆపేశావు ఆవిణ్ణి.”

“ఏం ఆపేశాను?”

“పాట.”

నాకర్థం కాలేదు. నర్సమ్మ చెప్పింది. శనివారాలు చర్చి ఊడ్చి తుడిచే పని అత్తయ్యదే. ఆర్గన్ మూత తెరిచి మెట్ల మీద దుమ్ము తుడిచేది. తుడిచాక బల్ల మీద కూర్చునేది. నర్సమ్మ డ్యూటీ మధ్యలో నడుం వాల్చడానికి వెనక బెంచీకి వచ్చేదట. “చూసీ చూసీ ఒకరోజు అడిగాను, ఏం చేస్తున్నారండీ అని. వాయిస్తున్నానంది. చప్పుడేదీ అన్నాను. గాలి కొట్టేది నేనే కదమ్మా, నేనిక్కడ కూర్చుంటే అక్కడెవరు కొడతారు అంది.”

“నువ్వు కొట్టలేకపోయావా?”

“అడగలేదనుకున్నావా? వద్దంది. చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంది, ఆయన లేచి వస్తారంది. అందుకని ఆవిడ వేళ్ళు చూస్తూ నేను లోగొంతుతో పాడేదాన్ని. సరిగ్గా వచ్చిందా అని నన్నడిగేది. ఆవిడకి తెలీదుగా.”

ఎన్నేళ్ళు అని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయమేసింది. నర్సమ్మ బల్ల మీదికి వంగి సాయంకాలపు కీర్తన సన్నగా ఎత్తుకుంది. అత్తయ్య వేళ్ళు ఒక్క క్షణం ఆగి, తర్వాత బల్ల అంచున ఆ పాట వెంట కదిలాయి. నర్సమ్మ సగం వరసలో పాట ఆపేసింది. వేళ్ళు ఆగలేదు. వరస పూర్తి చేసి, ఊపిరి తీసుకునే చోట లేచి, రెండో వరస మీద దిగాయి. నర్సమ్మ అక్కడ మళ్ళీ అందుకుంది. ఎక్కడా తేడా రాలేదు. ఇంతకాలం ఆ చేతులకి నేను గోళ్ళు తీశాను, నూనె రాశాను, తువ్వాళ్ళు అందించాను. వాటిలో ఏముందో చూడలేదు.

అంతలో ఎవరో పెద్దాయన చేతికర్ర నేలకి ఆనించుకుంటూ హాల్లోకొచ్చాడు. టక్ టక్. అత్తయ్య చెయ్యి బల్ల మీంచి విసురుగా లేచిపోయింది. గాల్లో ఏదో పట్టుకుని పైకీ కిందికీ కొట్టడం మొదలుపెట్టింది. నడుముతోనే, నాకు చెప్పినట్టే. కర్ర చప్పుడు తలుపు దాటి వెళ్ళేదాకా కొడుతూనే ఉంది. నర్సమ్మ మొహం పక్కకి తిప్పేసుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను, అది నా చేతిలో కూడా కొట్టుకుంటూనే ఉంది.

ఆ రోజే అనుకున్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేను గాలి కొట్టాలి, అత్తయ్య వాయించాలి, అది అత్తయ్య చెవిన పడాలి. ఇంతకన్నా ఏమీ కోరలేదు. కానీ ఆర్గన్ మూతకి ఇప్పుడు తాళం ఉంది, తాళంచెవి మా ఆయన దగ్గర ఉంది.

“ఏమండీ, అత్తయ్యకి ఆర్గన్ వాయించడం వచ్చు” అన్నాను భోజనాల దగ్గర.

“ఎవరికి?”

“మీ అమ్మకి.”

పొలమారేంత నవ్వాడు. నేనే నీళ్ళందించాను. “అమ్మకి వాయించడమేంటే? పాటలో ఎక్కడ గాలి పెంచాలో కూడా నాన్నే చెప్పేవాడు. ఆ నర్సమ్మకి పొద్దుపోక నీకేదో ఎక్కించింది.”

“ఒక్కసారి కూర్చోబెడదామండీ. నేను గాలి కొడతాను, మీరే వినండి.”

“ఇప్పుడా? నిన్నగాక మొన్న శ్రుతి చేయించాం. అమ్మ చేతులు వణుకుతాయి, ఏ మెట్టో విరిగితే వేడుక ముందు ఎవరొచ్చి బాగుచేస్తారు? వేడుక అవనీ, అప్పుడు చూద్దాం.”

అప్పుడు చూద్దాం అన్న మాట మా ఇంట్లో నాకు కొత్త కాదు. నా ఆగిపోయిన చదువు అప్పుడు చూద్దాంలోనే ఉంది. మా అమ్మ దగ్గర నెలరోజులుండి రావడం అందులోనే ఉంది, ఆవిడ పోయాక కూడా. నా సంగతి వదిలెయ్యండి, నాకింకా రోజులున్నాయి. అత్తయ్య వేళ్ళు మాత్రం నా కళ్ళ ముందే మరిచిపోతున్నాయి. ముందు చివరి చరణం పోయింది. నర్సమ్మ ఎంత పాడినా ఆ చరణం దగ్గర వేళ్ళు తడుముకుని ఆగిపోయేవి. తర్వాత మధ్య చరణం. ఇంకా రెండుసార్లు అడిగాను. రెండోసారి, “నీకసలు పనేమీ లేదా?” అన్నాడు. అప్పుడు నా చేతిలో ఆయన చొక్కా ఉంది, గుండీ కుడుతున్నాను.

రాసింది తీసుకెళ్ళి చూపిస్తే ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. వంతులుండేవన్న వాక్యం కొట్టేశాడు. “మావయ్యగారు వాయించినంత కాలం వారి భార్య గాలి కొట్టారు” అని నేను రాసిన చోట ఆగి, “గాలి కొట్టడం కూడా చరిత్రేనా?” అన్నాడు. అదీ కొట్టేసి, చివర్లో ఒక ముక్క తానే చేర్చాడు: “సహకరించిన కుటుంబ సభ్యులందరికీ కృతజ్ఞతలు.”

వేడుక రోజు ఆ చరిత్ర మా ఆయనే చదివాడు. నేను తెర వెనక నిలబడి నా వాక్యాలు ఆయన గొంతులో విన్నాను. బాగానే ఉన్నాయి. చప్పట్లు కూడా బాగా కొట్టారు. టక్ టక్ వినిపించింది, నేను పిడి పట్టుకున్నాను.

పాటలు, ప్రసంగాలు అయ్యాక అందరూ భోజనాలకి బయట పందిరి కిందికి వెళ్ళారు. మా ఆయన్ని ఎవరో ఫోటోకి లాక్కుపోయారు. చూస్తే ఆర్గన్ మూత తెరిచే ఉంది. నేను వార్డుకి పరుగెత్తాను. అత్తయ్యని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, పక్కదారిన చర్చిలోకి తోసుకొచ్చాను. నర్సమ్మ కూడా వస్తానంది గానీ ఆవిడ మోకాళ్ళకి అంత గబగబా నడిచే ఓపిక లేదు. అత్తయ్యని బల్ల మీద కూర్చోబెట్టి, చేతులు తీసి మెట్ల మీద పెట్టాను. వేళ్ళు వాటంతటవే విప్పుకున్నాయి. పక్షి కాళ్ళలా సన్నగా, సరిగ్గా ఎక్కడుండాలో అక్కడ.

“అత్తయ్యా, వాయించండి. ఇవాళ వినపడుతుంది. నేను గాలి కొడతాను.”

నా మొహంలోకి చూసింది. అర్థమైందో లేదో తెలీదు, నవ్వింది. నేను తెర వెనక్కి ఉరికాను. పిడి పట్టుకుని నా బలమంతా పెట్టి కొట్టాను. తిత్తి నిట్టూరుస్తూ లేచింది, గుండు గీత దాటి కిందికి, ఇంకా కిందికి దిగింది. నా చేత్తో ఇంత గాలి ఎప్పుడూ నింపలేదు. కొడుతూ చెవులు రిక్కించాను. ఏమీ లేదు. ఇంకా కొట్టాను. పాట రాలేదు. వేళ్ళు మరిచిపోయాయి కాబోలు, ఆలస్యం చేసేశాం అనుకున్నాను, కళ్ళల్లో నీళ్ళు తిరిగి గుండు కనపడలేదు.

తెర కదిలింది. అత్తయ్య. ఆ కాళ్ళతో బల్ల ఎలా దిగిందో, ఆర్గన్ పట్టుకుని చుట్టూ తిరిగి ఎలా వచ్చిందో. నా పక్కన దూరి, నా చేతి మీద చెయ్యి వేసింది.

“నువ్వు జరగమ్మా. నేను కొడతాను. ఆలస్యమైతే ఆయన కోప్పడతారు.”

తిత్తి చప్పుడు వినపడగానే తన చోటికి వచ్చేసింది. గాలి ఉన్నప్పుడు ఆవిడ ఎప్పుడైనా అటువైపు కూర్చుంటే కదా. జరిగాను. ఆవిడ పిడి పట్టుకుని మెల్లగా కొట్టింది. గుండు అడుగుదాకా దిగి ఉంది. తిత్తి నిండా గాలి. ఇద్దరం తెర వెనక ఉన్నాం, అటువైపు బల్ల ఖాళీగా ఉంది.

“ఆయనింకా రాలేదా?” అంది కాసేపయ్యాక.

“లేదత్తయ్యా.”

“నువ్వెళ్ళి వాయించు మరి. గాలి పోతోంది.”

“నాకు రాదత్తయ్యా.”

కొట్టడం ఆపకుండానే నావైపు తిరిగింది. మతిమరుపు వచ్చాక అంత తేటగా నన్నెప్పుడూ చూడలేదు. “రాదా?” అంది. “మరి ఇన్ని శనివారాలూ ఏం చేశావమ్మా?”

నేను ఆవిడ చెయ్యి పక్కనే పిడి మీద నా చెయ్యీ వేశాను.

మా ఆయన వచ్చాడు. ముందు ఆర్గన్ మూత వేసిన చప్పుడు, తర్వాత తాళం తిరిగిన చప్పుడు, తర్వాతే తెర జరిగింది. “బయట బిషప్‌గారు అడుగుతున్నారు, మీ ఆవిడ ఎక్కడండీ అని. మీరిక్కడ చేరి ఏం చేస్తున్నారు?”

“వేడుక అయ్యాక చూద్దామన్నారు కదండీ.”

“అయ్యాక అన్నాను. ఇవాళే అన్నానా?”

అత్తయ్య కొడుకుని చూసి పిడి మీద చెయ్యి సర్దుకుంది. “మొదలుపెట్టు నాన్నా, నిండుగా ఉంది” అంది.

చలి మొదలయ్యేసరికి అత్తయ్య మంచం పట్టింది. దుప్పటి మీద వేళ్ళు ఇంకా కదిలేవి, కానీ మొదటి వరస దాకానే. అక్కడ ఊపిరి తీసుకోవడానికి లేచి, మళ్ళీ దిగడం మరిచిపోయి, గాల్లోనే ఉండిపోయేవి. నేను పట్టుకుని మెల్లగా దించేదాన్ని. ఒక ఉదయం దుప్పటి మార్చడానికి ఆవిణ్ణి నావైపు తిప్పుకున్నాను. నా భుజం మీద తల ఆనింది. మళ్ళీ ఎత్తలేదు. నేను కదలకుండా అలాగే కూర్చున్నాను. నర్సమ్మ తన మంచం మీంచి చూసి సాయంకాలపు కీర్తన అందుకుంది, ఉదయంపూట.

మా ఆయన ఏడ్చాడు. అబద్ధం చెప్పను, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయనకి అమ్మంటే ప్రేమ లేదని నేనెప్పుడూ అనలేదు. మర్నాడు చర్చికి బయల్దేరే ముందు ఉబ్బిన కళ్ళతో నా దగ్గరికొచ్చాడు.

“అమ్మ కోసం ఆ సాయంకాలపు కీర్తన వాయిస్తాను. అన్ని చరణాలూ. గాలి తగ్గనివ్వకు.”

“నేను అత్తయ్య దగ్గర కూర్చుంటానండీ.”

“ఎవరైనా కూర్చుంటారులే అక్కడ. గాలి ఇంకెవరు కొడతారు?”

నేను మారు మాట్లాడలేదు. ఆయన దాన్ని సరేననుకున్నాడు. ఇన్నేళ్ళుగా నా మౌనానికి ఆయన దగ్గర ఆ ఒక్క అర్థమే ఉంది.

చర్చి నిండా జనం. అత్తయ్య పెట్టె ముందర, పూల మధ్య. చేతులు గుండెల మీద పెట్టి నేనే సర్దాను, వేళ్ళు కొంచెం విడివిడిగా. అయ్యగారు మాట్లాడారు. మాస్టారి తల్లిగారన్నారు, పెద్ద మాస్టారి సతీమణి అన్నారు, మౌనంగా సేవ చేసిన మహాతల్లి అన్నారు. ఆ మౌనం ఎవరిచ్చిందో మాత్రం అనలేదు. తర్వాత ఆర్గన్ వైపు తల ఊపారు. మా ఆయన లేచి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. మూత తీశాడు. పక్క తలుపు దగ్గర ఉన్నవాళ్ళు నాకు దారి ఇవ్వడానికి జరిగారు. అందరికీ తెలుసు నా చోటెక్కడో.

నేను లేచాను. ఆకుపచ్చ తెర వైపు కాకుండా ముందుకి నడిచాను. పెట్టె పక్కన మొదటి బెంచీలో, మావయ్యగారి రోజున అత్తయ్య లేచి వెళ్ళిపోయిన చోట, కూర్చున్నాను. అక్కణ్ణుంచి అత్తయ్య మొహం బాగా కనపడుతోంది. నర్సమ్మ చక్రాల కుర్చీలోంచి నా వైపు చూసింది.

ముందే చెప్పాను కదా అనుకున్నాడేమో, మడమ కొట్టకుండానే మా ఆయన వేళ్ళు మెట్ల మీద దించాడు. చెక్క చప్పుడు. ఇంకేమీ లేదు. ఆయన ఆగి, మళ్ళీ వాయించాడు. మొదటి వరస మొత్తం వాయించాడు, వేళ్ళు ఎక్కడా తప్పలేదు. అత్తయ్య శనివారాలు ఎలా వాయించేదో అచ్చం అలాగే ఉంది. నేను విన్నాను. చివరికి వినగలిగాను.

తర్వాత ఆయన మడమ కొట్టాడు. టక్ టక్.

వెనక్కి తిరగలేదు. మళ్ళీ కొట్టాడు, ఈసారి గట్టిగా, చర్చి అంతా వినపడేలా. నేను అత్తయ్య చెయ్యి చూస్తున్నాను. లేవలేదు. నాదీ లేవలేదు.